డీఎన్ఏ వైరస్సే కదా, ఇంత త్వరగా ఎలా మారుతోంది? జెమిని వైరస్‌ల మీద చర్చ

గోదావరి_గట్టు రాశారు:

నమస్తే అందరికీ. ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. ఊరు పెద్దాపురం దగ్గర, ఇంట్లో కర్రపెండలం సాగు ఉంది. ఆర్ఎన్ఏ వైరస్‌లు త్వరగా మారతాయి, డీఎన్ఏ వైరస్‌లు నిదానంగా మారతాయి అని పాఠంలో చెబుతుంటాం. మొన్న క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మా మిరపకు వచ్చే జెమిని వైరస్ డీఎన్ఏదే కదా మేడమ్, మరి తట్టుకుంటుందని కొన్న రకం కూడా కొన్నేళ్లకే ఎందుకు లొంగిపోతోంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. సరైన జవాబుతో వెళ్లి ఆ పిల్లకు చెప్పాలనుకుంటున్నాను. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

రోలింగ్_సర్కిల్ రాశారు:

మేడమ్, మొక్కల వైరస్‌ల మీదే నా పీహెచ్‌డీ. పాఠంలో ఉన్న మాట మశూచి, హెర్పిస్ లాంటి పెద్ద ద్విపోచ (రెండు పోగుల) డీఎన్ఏ వైరస్‌లకు సరిపోతుంది. జెమిని వైరస్‌ల డీఎన్ఏ ఒంటిపోచది, గుండ్రంగా మూసుకుని ఉంటుంది, చాలా చిన్నది. ఒక్కో వలయం సుమారు 2,700 న్యూక్లియోటైడ్లు, అంటే డీఎన్ఏ అక్షరాలు, మాత్రమే. మన మిరప, టమాటా, బెండ, మినుము, కర్రపెండలాలను పట్టేవి ఇందులో బెగోమోవైరస్ అనే ప్రజాతివి. తెల్లదోమ మోసుకొస్తుంది.

టమాటా ఎల్లో లీఫ్ కర్ల్ వైరస్ జన్యుక్రమాలను 2008లో కాలం వారీగా పోల్చి చూశారు. ప్రతి పదివేల అక్షరాలకు ఏడాదికి సుమారు మూడు మార్పుల చొప్పున నిలబడుతున్నాయని తేలింది. ఎన్నో ఆర్ఎన్ఏ వైరస్‌ల వేగం కూడా ఇదే స్థాయిలో ఉంటుంది.

వింత ఏమిటంటే ఈ వైరస్‌కు సొంత డీఎన్ఏ పాలిమరేజ్ (నకలు రాసే ఎంజైమ్) లేదు, మొక్కదే వాడుకుంటుంది. మొక్క పాలిమరేజ్ తప్పులు దిద్దుకుంటూ రాసేది. అయినా ఇంత వేగం ఎందుకంటే, ఒంటిపోచగా ఉన్నప్పుడు డీఎన్ఏకు రసాయనిక దెబ్బలు ఎక్కువ తగులుతాయి. సైటోసిన్ అమైన్ భాగం పోగొట్టుకుని యురాసిల్ అవుతుంది, తర్వాతి నకలులో అది థైమిన్‌గా స్థిరపడుతుంది. రెండో పోచ పక్కన లేకపోతే అసలు అక్షరం ఏదో చూసి దిద్దడానికి ఆధారం ఉండదు. మొత్తం కారణం ఇదేనని ఎవరూ తేల్చలేదు గానీ, ఈ వైరస్‌లలో కనబడే మార్పుల తీరు దీనికి చాలావరకు సరిపోతోంది.

నారుమడి రాశారు:

సార్, ఖమ్మం జిల్లాలో మిరప, టమాటా నారు పెంచి అమ్ముతాను. మీరు చెప్పిన లెక్క వేస్తే 2,700 అక్షరాలకు ఏడాదికి ఒక్క మార్పు కూడా నిండుగా రాదు. అంత చిన్న మార్పుతో తట్టుకునే రకం పడిపోతుందా? మా రైతులు చెప్పేది వేరు. నిన్నటిదాకా బాగున్న రకం, ఉన్నట్టుండి ఒక సీజన్‌లో ఊరంతా బొబ్బర (జెమిని వైరస్ తెగులు) వచ్చి పోతుంది.

రోలింగ్_సర్కిల్ రాశారు:

మీ లెక్క సరైనదే. ఒక్కో అక్షరం మార్పు ఒక దారి. రెండో దారి రీకాంబినేషన్, మన పుస్తకాల్లో పునఃసంయోజనం అంటారు. రెండు వైరస్‌లు ఒకే మొక్కలో, ఒకే కణంలో, ఒకే కేంద్రకంలో చేరితే ఒకదాని ముక్క ఇంకొకదానిలో అతుక్కుంటుంది. అప్పుడు మారేది ఒక అక్షరం కాదు, వందల అక్షరాలు ఒకేసారి మారతాయి.

ఎలా జరుగుతుందో చెప్తాను. కేంద్రకంలోకి చేరిన ఒంటిపోచకు ముందు జత పోచ తయారవుతుంది. తర్వాత వైరస్ చేసుకునే రెప్ అనే ప్రొటీన్ వచ్చి, టి-ఎ-ఎ-టి-ఎ-టి-టి-ఎ-సి అనే తొమ్మిది అక్షరాల క్రమం దగ్గర ఒక పోచకు గాటు పెడుతుంది. జెమిని వైరస్‌లన్నిటిలోనూ దాదాపు ఇదే క్రమం ఉంటుంది. గాటు పెట్టిన చివర నుంచి కొత్త పోచ పొడుగవుతూ ఉంటే పాతది కండె నుంచి దారం ఊడినట్టు ఊడి వస్తుంది. దీన్నే రోలింగ్ సర్కిల్ పద్ధతి అంటారు. నా పేరు అక్కడిదే.

ఇందులో రెండు బలహీనతలు ఉన్నాయి. ఒకటి, నకలు రాస్తున్న యంత్రాంగం మధ్యలో ఊడిపోతే పక్కనున్న ఇంకో వైరస్ పోచను పట్టుకుని అక్కడి నుంచి కొనసాగించగలదు. రెండు, సగంలో తెగిన పోచ తనను పోలిన క్రమం ఉన్న వేరే వలయంలోకి దూరి దాన్ని అచ్చుగా వాడుకుని పూర్తవుతుంది. ఈ రెండోదాన్ని రీకాంబినేషన్ ఆధారిత రెప్లికేషన్ అంటారు. అంటే వీటికి రీకాంబినేషన్ ఎప్పుడో జరిగే ప్రమాదం కాదు, నకలు తీసుకునే పద్ధతిలోనే ఒక భాగం.

రెండు వైరస్‌లు నిజంగా ఒకే కేంద్రకంలో ఉంటాయా అని ఎవరైనా అడగొచ్చు. ఉంటాయి. టమాటాలో రెండు ఎల్లో లీఫ్ కర్ల్ వైరస్‌లకు వేర్వేరు గుర్తులు పెట్టి చూసి, ఒకే కేంద్రకంలో రెంటినీ పట్టుకున్నారు.

కంపాలా_నుంచి రాశారు:

మా సొంతూరు తణుకు. పని మీద ఉగాండాలో ఉంటున్నాను, విత్తనాలు, ఎరువుల వ్యాపారం. ఈ విషయం వస్తే ఇక్కడి కథ చెప్పకుండా ఉండలేను.

ఇక్కడ కర్రపెండలం అంటే అన్నం. 1980ల చివర్లో లువెరో ప్రాంతంలో మొజాయిక్ తెగులు ఎప్పుడూ లేనంత తీవ్రంగా వచ్చింది. ఆకులు ముడుచుకుపోయి, దుంప ఊరలేదు. అక్కడి నుంచి ఏడాదికి ఇరవై ముప్పై కిలోమీటర్ల చొప్పున దక్షిణానికి దిగింది. 1990ల మధ్యకు చాలా జిల్లాల్లో రైతులు కర్రపెండలం వేయడమే మానుకున్నారు. ఆకలి చావులు కూడా నమోదయ్యాయి. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే గొంతు మారుతుంది.

1997లో దాని గుట్టు బయటపడింది. ఆఫ్రికాలో కర్రపెండలానికి ప్రధానంగా రెండు వైరస్‌లు తెలుసు: ఆఫ్రికన్ కసావా మొజాయిక్ వైరస్, ఈస్ట్ ఆఫ్రికన్ కసావా మొజాయిక్ వైరస్. ఉగాండాలో దొరికింది ఈస్ట్ ఆఫ్రికన్ వైరస్సే గానీ, దాని కోట్ ప్రొటీన్ (వైరస్ పై తొడుగు) జన్యువు నడిమి భాగం ఆఫ్రికన్ వైరస్‌ది. రెండూ కలిసి పుట్టిన వైరస్ అన్నమాట. అది మామూలు ఆఫ్రికన్ వైరస్‌తో కలిసి ఒకే మొక్కలో పడితే తెగులు ఇంకా ఘోరంగా ఉండేది. తర్వాత తట్టుకునే రకాలు పంచాకే పంట తిరిగి నిలబడింది.

ఒక_సందేహం రాశారు:

అందరూ రీకాంబినేషన్ మీదే నెపం పెడుతున్నారు. ఉగాండాలో అదే సమయంలో తెల్లదోమ కూడా విపరీతంగా పెరిగిందని చదివాను. దోమ పెరిగితే ఏ వైరస్సైనా ఊరూరా పాకుతుంది. కొత్త వైరస్ వల్లే ఉపద్రవం వచ్చిందని ఎలా అంటారు? రెండూ ఒకేసారి కనబడ్డాయి, అంతేగా?

వంశవృక్షం రాశారు:

మంచి అభ్యంతరం. నా పని బయోఇన్ఫర్మాటిక్స్, రోజూ ఈ జన్యుక్రమాలతోనే. దోమ ఉధృతి లేకుండా ఉగాండాలో ఆ వేగం వచ్చేది కాదని నేనూ అనుకుంటాను. అయినా రెంటినీ విడదీసి చూడగలిగిన చోట్లు ఉన్నాయి.

స్పెయిన్‌లో టమాటాకు రెండు ఎల్లో లీఫ్ కర్ల్ వైరస్‌లు ఉండేవి. ఒకటి పొలం గట్టు మీది కామంచి మొక్కలో బతుకుతుంది, చిక్కుడు జాతి ఫ్రెంచ్ బీన్స్‌కు సోకదు. రెండోది బీన్స్‌కు సోకుతుంది, కామంచిలో నిలవదు. వీటి కలయికతో పుట్టిన వైరస్‌ను మాలగా ప్రాంతంలో గుర్తించారు. అది రెంటికీ సోకుతుంది. దోమ అదే, పొలాలు అవే, కొత్తదల్లా వైరస్సే. తల్లి వైరస్‌లను పక్కకు నెట్టి అది పెరగడం కూడా గమనించారు.

ఇంకా గట్టి సాక్ష్యం మొక్కజొన్న స్ట్రీక్ వైరస్ (ఇదీ జెమిని వైరస్సే) ప్రయోగాలది. రెండు వేర్వేరు తెగల వైరస్‌ల భాగాలు తారుమారు చేసి, మొక్కజొన్నలో సరిగా బతకలేని సంకర వైరస్‌లను ల్యాబ్‌లో తయారు చేశారు. వాటిని జతలుగా ఒకే మొక్కకు ఎక్కించారు. మొక్క లోపల అవి మళ్లీ ముక్కలు మార్చుకుని, మొక్కజొన్నకు చక్కగా అమరిన వైరస్‌లుగా కుదురుకున్నాయి. అక్కడ దోమ ప్రసక్తే లేదు. రీకాంబినేషన్ తనంతట తాను ఏం చేయగలదో తేటగా కనబడుతుంది.

గోదావరి_గట్టు రాశారు:

చాలా బాగుంది. ఒక అనుమానం. ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటే చాలా వరకు పనికిరాని వైరస్‌లే పుట్టాలి కదా?

వంశవృక్షం రాశారు:

పుడతాయి మేడమ్. అవి మనకు కనబడకముందే పోతాయి. మనం పొలంలో చూసేవి వడపోతలో మిగిలినవి. అందుకే ప్రకృతిలో దొరికిన సంకర వైరస్‌లలో అతుకులు యాదృచ్ఛికంగా ఉండవు. రెప్ గాటు పెట్టే చోటు చుట్టూ ఎక్కువగా ఉంటాయి, ఒక జన్యువు ముగిసి ఇంకొకటి మొదలయ్యే దగ్గర ఎక్కువగా ఉంటాయి. కోట్ ప్రొటీన్ జన్యువు నడిమధ్యలో తక్కువ, ఎందుకంటే ప్రొటీన్ మధ్యలో అతుకు పడితే దాని మడత చెడిపోయే అవకాశం ఎక్కువ. ఉగాండా వైరస్ ఈ చివరి మాటకు మినహాయింపు. తక్కువ అంటే అసలు లేదని కాదు.

రెప్ గురించి ఒకటి తప్పక చెప్పాలి. అది వైరస్ డీఎన్ఏను గుర్తుపట్టేది నకలు మొదలయ్యే ఆరంభ స్థానం పక్కనుండే చిన్న పునరావృత క్రమాలను బట్టి. వాటిని ఇటరాన్లు అంటారు. ఒక్కో వైరస్ రెప్ తన ఇటరాన్లనే పట్టుకుంటుంది. కాబట్టి రెప్ ఒక వైరస్‌ది, ఇటరాన్లు ఇంకో వైరస్‌వి అయితే ఆ సంకరం నకలు తీసుకోలేదు. ఆ రెండూ కలిసి ఒకే ముక్కగా మారితేనే బతుకు.

రోలింగ్_సర్కిల్ రాశారు:

దీనికి అందమైన ఉదాహరణ మేడమ్ గారి ఇంటి పంటలోనే ఉంది! మన దేశంలో కర్రపెండలానికి ఇండియన్ కసావా మొజాయిక్ వైరస్, శ్రీలంకన్ కసావా మొజాయిక్ వైరస్ రెండూ సోకుతాయి. రెంటికీ ఎ, బి అని రెండేసి వలయాలు. ఎ వలయంలో రెప్, కోట్ ప్రొటీన్ ఉంటాయి. మొక్కలో కణం నుంచి కణానికి కదలడానికి కావాల్సినవి బి వలయంలో ఉంటాయి. బి వలయానికి సొంత రెప్ లేదు, ఎ వలయం రెప్ మీదే ఆధారం.

2002లో వచ్చిన పరిశోధన ప్రకారం శ్రీలంకన్ వైరస్ మొదట ఒకే వలయంతో బతికిన వైరస్ అయి ఉండాలి. దాని ఎ వలయం ఒక్కటే కొన్ని మొక్కల్లో తెగులు తెప్పించగలదు. ఇండియన్ వైరస్‌తో ఒకే మొక్కలో పడినప్పుడు దాని బి వలయాన్ని సొంతం చేసుకుంది. మరి ఇండియన్ వైరస్ బి వలయాన్ని శ్రీలంకన్ రెప్ ఎలా గుర్తుపట్టింది? బి వలయం ఆరంభ స్థానం ఉన్న భాగం రీకాంబినేషన్‌తో మారిపోయింది. శ్రీలంకన్ ఎ వలయంలోని ఆ ముక్క, ఇటరాన్లతో సహా, బి వలయంలోకి వచ్చి కూర్చుంది. ఒక్క అతుకుతో ఒక పూర్తి వలయం చేతికొచ్చింది. ఈ ఉదాహరణ చదివిన రోజే ఈ రంగంలోకి రావాలని నిర్ణయించుకున్నాను.

ఆ శ్రీలంకన్ వైరస్ 2015లో కంబోడియాలో కనబడింది. తర్వాత కొన్నేళ్లలోనే వియత్నాం, థాయ్‌లాండ్ చేరింది.

పార్వో_డాక్టర్ రాశారు:

పశువైద్యుడిని, కరీంనగర్. ఒంటిపోచ డీఎన్ఏ అనగానే మాకు గుర్తొచ్చేది కుక్కల పార్వో. దాని జన్యువు గుండ్రంగా ఉండదు, సుమారు 5,000 అక్షరాల తిన్నని పోగు. 1978కి ముందు కుక్కల్లో ఈ జబ్బు తెలియదు. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా తెచ్చే వైరస్‌కు దగ్గరి బంధువు, కుక్కలకు ఎక్కి రెండేళ్లలోపే ప్రపంచమంతా తిరిగింది. వెంటనే 2ఎ అనే రూపం వచ్చి మొదటి రూపాన్ని చెరిపేసింది.

నేను చెప్పదలచుకున్నది, అక్కడ జరిగింది రీకాంబినేషన్ కాదు. కోట్ ప్రొటీన్‌లో కొద్ది మార్పులతోనే కుక్క కణాల మీది ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌ను (కణంలోకి దూరడానికి పట్టుకునే ప్రొటీన్‌ను) పట్టుకోగలిగింది. అంటే అక్షరం మార్పులు చిన్నవని తీసిపారేయకూడదు.

రోలింగ్_సర్కిల్ రాశారు:

నిజమే డాక్టర్ గారూ. ఎక్కడ పడిన మార్పు అన్నదే ముఖ్యం. నా అభిప్రాయం ఏమిటంటే రెండు దారులూ చేతులు కలుపుతాయి. అక్షరం మార్పులు వేర్వేరు పొలాల్లో వేర్వేరు వైరస్‌లలో పోగవుతాయి, రీకాంబినేషన్ వాటిని ఒకచోట చేరుస్తుంది. పైగా ఆ ముక్కలు ఇప్పటికే ఒక వైరస్‌లో పనిచేసి నిలబడినవి. అందుకే తట్టుకునే రకాలను దాటే విషయంలో జెమిని వైరస్‌లకు రీకాంబినేషన్ అంత ఉపయోగపడుతోంది.

నారుమడి గారి మొదటి ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ఉన్నట్టుండి రకం పడిపోవడానికి నాకు తెలిసిన రెండు రుజువులు ఇవి.

పత్తి ఆకుముడత. పాకిస్తాన్‌లో ముల్తాన్ చుట్టూ 1990ల్లో పత్తిని నాశనం చేసింది. తట్టుకునే రకాలు వేశాక తగ్గింది. 2001 ప్రాంతంలో బూరేవాలా దగ్గర ఆ రకాలూ పడిపోయాయి. అక్కడ దొరికిన వైరస్‌లో ఒక భాగం కొఖ్రాన్ వైరస్‌ది, ఇంకో భాగం ముల్తాన్ వైరస్‌ది; రెండూ పత్తి ఆకుముడత వైరస్‌లే. సి2 అనే ప్రొటీన్ కూడా అందులో పూర్తిగా లేదు. దాని మీద ఆధారపడి దాంతోపాటు ఉండే బీటా శాటిలైట్ అనే సుమారు 1,350 అక్షరాల చిన్న వలయంలో కూడా వేరే శాటిలైట్ ముక్క చేరి ఉంది. పంజాబ్, హర్యానా, రాజస్థాన్ పత్తి రైతులకు ఈ బాధ బాగా తెలుసు.

రెండోది మొరాకో టమాటా. టై-1 అనే తట్టుకునే జన్యువు ఉన్న హైబ్రిడ్లు అక్కడ విస్తారంగా వేశారు. సూస్ లోయలో ఐఎస్76 అనే వైరస్ బయటపడింది. ఎల్లో లీఫ్ కర్ల్ వైరస్‌లో దాని సార్డీనియా బంధువు నుంచి వచ్చిన ముక్క కేవలం 76 న్యూక్లియోటైడ్లు. టై-1 ఉన్న మొక్కల్లో అది తల్లి వైరస్‌ల కంటే బాగా పెరిగి, కొన్నేళ్లలోనే వాటి స్థానం ఆక్రమించింది. టై-1 మొక్క వైరస్‌ను పూర్తిగా ఆపదు, పెరుగుదలను అణచి ఉంచుతుంది. లోపల వైరస్ కొద్దిగానైనా తిరుగుతూనే ఉంటుంది, రెండోది వస్తే కలుస్తుంది.

నారుమడి రాశారు:

అర్థమైంది సార్. అంటే రెండు వైరస్‌లు ఒకే మొక్కలో కలవకుండా చూడటమే మా చేతిలో ఉన్న పని. మా దగ్గర నారును 40 మెష్ నైలాన్ వల కింద పెంచుతున్నాం. కొందరు రైతులు వల నారుకు ధర ఎక్కువని బయటి నారు తీసుకుంటారు, నాటేసరికే తెల్లదోమ వాలి ఉంటుంది. ఇంకొకటి, టమాటా పక్కనే మిరప, దాని పక్కనే బెండ, ఏడాది పొడుగునా ఏదో ఒకటి పచ్చగా ఉంటుంది. గట్ల మీద తుత్తురు బెండ, వయ్యారిభామ ఎవరూ పీకరు. వైరస్‌కు ఒక్క నెల కూడా ఖాళీ దొరకదు.

ఆకు ముడుచుకున్నదల్లా వైరస్ అనుకోవద్దని కూడా చెప్తుంటాను. తామర పురుగు వల్ల ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి వల్ల కిందికి. దానికి మందు వేరు. ఆకులు చిన్నవై, గుబురుగా, గిడసబారితే అప్పుడు బొబ్బర అని అనుమానించాలి.

ఒక_సందేహం రాశారు:

నా అభ్యంతరానికి జవాబు దొరికింది, థాంక్స్. ఇంకొకటి. ల్యాబ్‌లో ఒక జన్యువు పీసీఆర్ చేసి (అంటే ఆ ముక్క నకళ్లు పెంచి చూసి) ఫలానా వైరస్ అని రిపోర్టు ఇస్తారు కదా, సంకర వైరస్ అయితే అది ఎలా తెలుస్తుంది?

వంశవృక్షం రాశారు:

తెలియదు. ఉగాండా వైరస్ కోట్ ప్రొటీన్ నడిమి ముక్క మాత్రమే చూస్తే ఆఫ్రికన్ వైరస్ అంటాం. రెప్ చూస్తే ఈస్ట్ ఆఫ్రికన్ అంటాం. ఒకే వైరస్‌కు రెండు వంశవృక్షాలు వస్తాయి, రెండూ తమ మటుకు సరైనవే. అందుకే బెగోమోవైరస్‌లకు పేరు పెట్టేటప్పుడు ఎ వలయం మొత్తం క్రమం అడుగుతారు. తెలిసిన వాటితో 91 శాతం కంటే తక్కువ పోలిక ఉంటేనే కొత్త జాతి.

పీసీఆర్‌తో ఇంకో చిక్కు. మొక్కలో రెండు వైరస్‌లు ఉంటే ట్యూబ్‌లోనే ఎంజైమ్ ఒకదాని నుంచి ఇంకొకదానికి దూకి, పొలంలో లేని సంకరాన్ని సృష్టించగలదు. అది చూసి కొత్త వైరస్ అని ప్రకటించడం చాలా తప్పు. ఫై29 అనే పాలిమరేజ్‌తో మొత్తం వలయాన్ని పెంచి, క్లోన్ చేసి చదివితే ఆ భయం బాగా తగ్గుతుంది. అతుకులు వెతకడానికి ఆర్‌డీపీ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది చూపించిన ప్రతి అతుకునూ నమ్మకుండా, రెండు మూడు పద్ధతులు ఒప్పుకున్నవే తీసుకోవాలి.

ఈ కలయిక బంధువుల మధ్యే జరుగుతుందనుకుంటే ఒక ఆశ్చర్యం చెప్తాను. అమెరికాలో లాసెన్ అగ్నిపర్వత పార్కులోని బాయిలింగ్ స్ప్రింగ్స్ సరస్సు నీళ్లలో 2012లో ఒక డీఎన్ఏ వైరస్ జన్యువు దొరికింది. రెప్ సర్కోవైరస్‌లు అనే చిన్న గుండ్రని డీఎన్ఏ వైరస్‌ల లాంటిది, కోట్ ప్రొటీన్ మాత్రం టాంబస్ వైరస్ అనే ఆర్ఎన్ఏ వైరస్ కుటుంబానిది. ఇలాంటివి తర్వాత చాలా దొరికాయి, క్రూసివైరస్‌లు అంటున్నారు. ఆర్ఎన్ఏ జన్యువు డీఎన్ఏలోకి ఎలా చేరిందన్నది ఇంకా తేలలేదు.

గోదావరి_గట్టు రాశారు:

పిల్లలకు చెప్పడానికి కావాల్సినంత దొరికింది, అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు ఇంటి ప్రశ్న. కర్రపెండలం మేం కట్టెతోనే నాటుతాం. పోయినేడు చేలో కొన్ని మొక్కల ఆకుల మీద పసుపు మచ్చలు, ముడత ఉన్నాయి. కట్టె ఎలా ఎంచుకోవాలి?

కంపాలా_నుంచి రాశారు:

ఇక్కడ రైతులకు చెప్పేదే మీకూ చెప్తానండీ. దుంప తీసేనాటికి ఆకు చాలా వరకు రాలిపోతుంది, అప్పుడు ఏ మొక్క మంచిదో చెప్పలేరు. చేను పచ్చగా ఉండగానే మచ్చ లేని మొక్కలకు రంగు గుడ్డ కట్టండి, వాటి కట్టెనే దాచండి. వేరే ఊరి నుంచి చవగ్గా వస్తోందని తెలియని కట్టె తేవద్దు. వైరస్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దోమ కంటే దూరం వెళ్లేది కట్టెతోనే, రెండు వైరస్‌లు ఒకే చేలో చేరేదీ అలాగే.

రోలింగ్_సర్కిల్ రాశారు:

మేడమ్, నాటిన మొదటి రెండు నెలల్లో మచ్చలు కనబడిన మొక్కను పీకేసి చేను బయట పడేయండి. మచ్చ లేని మొక్కలో కూడా వైరస్ కొద్దిగా ఉండే వీలుంది, కాబట్టి ప్రతి ఏడూ ఏరాల్సిందే. తిరువనంతపురం శ్రీకార్యంలో ఉన్న కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ కణజాల వర్ధనంతో వైరస్ లేని మొక్కలు తయారు చేస్తుంది, తట్టుకునే రకాలూ ఇచ్చింది. కొన్ని మొక్కలు తెచ్చుకుని, మీ చేనుకు దూరంగా విడిగా ఒక మడిలో పెంచి, వాటి కట్టెతో విస్తరించుకోవచ్చు. ఆకు నమూనాలు రెండు మూడు పంపితే మొత్తం వలయం చదివి ఏ వైరస్ ఉందో ఇక్కడే రాస్తాను. లేత ఆకును కాగితంలో చుట్టి ఎండబెట్టి పంపండి, ప్లాస్టిక్ సంచిలో పెడితే కుళ్లిపోతుంది.